గ్రూపు నిండా జవాబులే... డౌటు ఒక్కటీ లేదు

మొన్న సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు మా అక్క కొడుకు ఫోను ఓ పది నిమిషాలు నా చేతిలో పడింది. (వాడే ఇచ్చాడు లెండి, నేనేం లాక్కోలేదు.) వాడు బీటెక్ మూడో సంవత్సరం. "మామయ్యా, మా క్లాసు గ్రూపులో మిడ్ సిలబస్ ఎవరో పెట్టారు, కాస్త వెతికిపెట్టవా" అని ఫోను నా చేతిలో పెట్టి భోజనానికి కూర్చున్నాడు.

వెతుకుతూ పైకి జరుపుకుంటూ పోయాను. పరీక్ష ముందు రోజు రాత్రి ఒక్కదానికే నాలుగొందల పైచిలుకు మెసేజీలున్నాయి. "యూనిట్ 3 ఎవరిదగ్గరైనా ఉందా", "ఇంపార్టెంట్ ఏంటి రా", "ఆన్సర్ పెట్టండ్రా ప్లీజ్", ఒక పీడీఎఫ్, ఇంకో పీడీఎఫ్, నోట్సు పేజీల ఫోటోలు, మధ్యలో బ్రహ్మానందం స్టిక్కర్లు. అరవైమంది పిల్లలు తెల్లవారుజాము మూడింటిదాకా ఒకరికొకరు సాయం చేసుకుంటూనే ఉన్నారు. ముచ్చటేసింది.

కానీ ఒకటి గమనించాను. అన్ని మెసేజీల్లోనూ "నాకిది అర్థం కాలేదు" అన్నవాడు ఒక్కడూ లేడు. "నేను ఇలా అనుకున్నాను, కానీ జవాబు వేరేగా వస్తోంది, ఎందుకు?" అనే వాక్యం మచ్చుకి కూడా దొరకలేదు. అడిగినవాళ్ళంతా జవాబే అడిగారు, ఇచ్చినవాళ్ళంతా జవాబే ఇచ్చారు.

భోజనమయ్యాక వాడి ఇంటర్న్‌షిప్ పుస్తకం కూడా చూపించాడు. ఆంధ్రాలో ఇంటర్న్‌షిప్ చేసే పిల్లలకి ఉన్నత విద్యామండలి ఒక ప్రోగ్రామ్ బుక్ నమూనా తయారుచేసింది. రోజూ ఏం చేశారో ఒక గడి, దాన్నుంచి ఏం నేర్చుకున్నారో పక్కన ఇంకో గడి, వారానికో రిపోర్టు, చివర్లో తమకి తామే మార్కులు వేసుకునే పేజీ. నిజం చెప్పాలంటే చాలా ఆలోచించి పెట్టిన పుస్తకం. మా వాడి పుస్తకంలో "ఏం నేర్చుకున్నారు" అన్న గడిలో ఇరవై రోజులపాటు ఒకే మాట కొద్దికొద్ది తేడాలతో ఉంది: పైథాన్ బేసిక్స్ తెలుసుకున్నాను, పైథాన్ లూప్స్ తెలుసుకున్నాను, పైథాన్ ఫంక్షన్స్ తెలుసుకున్నాను...

"ఇదేంట్రా?" అంటే, "అందరిదీ ఇదే మామయ్యా. ఒకడు రాసి గ్రూపులో పెడతాడు, మేం దించేస్తాం" అన్నాడు, ఏమాత్రం మొహమాటం లేకుండా.

ఇక్కడ "మా రోజుల్లో అయితేనా..." అని మొదలుపెడతానని భయపడకండి. మా రోజుల్లో మేం చేసింది కూడా అదే. ల్యాబ్ రికార్డులు పక్క హాస్టల్నుంచి తెచ్చుకుని, ఎక్స్‌పెరిమెంటు విలువలతో సహా దించాం. ఇంజనీరింగ్ డ్రాయింగ్ అయితే గ్లాసు కింద బల్బు పెట్టి మరీ దించాం. ఫోన్లు లేవు, చేతులు నొప్పెట్టేవి, అంతే తేడా. కాబట్టి ఈ టపా పిల్లల మీద ఫిర్యాదు కాదు. నా ఫిర్యాదు వేరు.

మనవాళ్ళు చదువులో రెండు విషయాల గురించి తరచూ చెబుతుంటారు. ఒకటి, తోటివాళ్ళతో కలిసి నేర్చుకోవడం. రెండు, నేర్చుకున్నదాని గురించి వెనక్కి తిరిగి చూసి నాలుగు వాక్యాలు రాయడం. మొదటిదానికి వాట్సాప్ గ్రూపు, రెండోదానికి పుస్తకంలో గడి. రెండూ ఉన్నాయి. ఒకదాంతో ఒకదానికి సంబంధం లేదు. నా ఉద్దేశంలో ఈ రెండూ విడివిడిగా పనిచెయ్యవు. తన తప్పుని తను రాసుకోవాలి, రాసింది ఒక తోటివాడు చదవాలి, ఆ చదివేవాడు వెక్కిరించడని నమ్మకం ఉండాలి. మూడోది లేకపోతే మొదటి రెండూ దండగ. నేను చెప్పదల్చుకున్నది ఇంతే. మిగతాదంతా ఎందుకలా అనుకుంటున్నానో చెప్పడమే.

ముందు తోటివాళ్ళ సంగతి. హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ అని ఫిజిక్స్ ప్రొఫెసరున్నారు. ఆయన పాఠం బాగా చెబుతారని పేరు, పిల్లలు లెక్కలు బాగా చేసేవాళ్ళు కూడా. ఒకసారి ఆయన సూత్రాలూ లెక్కలూ అక్కర్లేని చిన్న ప్రశ్నలతో పరీక్ష పెట్టారు. పెద్ద లారీ, చిన్న కారు గుద్దుకుంటే ఏది దేనిమీద ఎక్కువ బలం చూపిస్తుంది, ఆ బాపతు. న్యూటన్ మూడో సూత్రం గడగడా అప్పజెప్పే పిల్లలు కూడా "లారీయే" అనేశారు. ఒకమ్మాయి అయితే, మీరు చెప్పినట్టు రాయమంటారా, నేను మామూలుగా అనుకునేట్టు రాయమంటారా అని అడిగిందట!

ఆ దెబ్బతో ఆయన 1991 నుంచి పాఠం పద్ధతే మార్చేశారు. ప్రశ్న ఇస్తారు. ముందు ఎవరికి వాళ్ళు ఒంటరిగా ఆలోచించి ఒక జవాబుకి కట్టుబడాలి. తర్వాత పక్కవాడితో వాదించుకోవాలి. మళ్ళీ జవాబు చెప్పాలి. రెండోసారి సరైన జవాబులు బాగా పెరుగుతాయి. కారణం ఆయన చెప్పేదేంటంటే, ఇప్పుడిప్పుడే అర్థమైనవాడికి తను ఎక్కడ తడబడ్డాడో ఇంకా గుర్తుంటుంది, ప్రొఫెసరుకి ఆ తడబాటు ఎప్పుడో మర్చిపోయింది.

ఇందులో మనం వదిలేసే మెట్టు "ముందు ఒంటరిగా" అన్నది. గ్రూపులో ఆ మెట్టు లేదు. ప్రశ్న పడగానే జవాబు పడుతుంది. నేనేమనుకున్నానో నాకే తెలిసేలోపు వేరేవాడనుకున్నది వచ్చేస్తుంది. ఇక తేడా ఎక్కడ కనపడుతుంది?

రెండోది, రాయడం. మన ఐటీ వాళ్ళకి దగ్గరి ఉదాహరణే ఉంది. విప్రోలో ట్రైనింగులో ఉన్నవాళ్ళ మీద చేసిన ఒక ప్రయోగం 2014లో హార్వర్డ్ బిజినెస్ స్కూల్ పేపరుగా వచ్చింది. కొంతమందిని రోజు చివర్లో 15 నిమిషాలు ఆ రోజు నేర్చుకున్నదాని గురించి రాయమన్నారు. ఇంకొంతమందిని అలా రాశాక, రాసింది ఇంకో ట్రైనీకి 5 నిమిషాలు వివరించమన్నారు. మిగిలినవాళ్ళు ఆ టైములో మామూలుగా పని చేసుకున్నారు. చివరి పరీక్షలో రాసినవాళ్ళు దాదాపు 23 శాతం మెరుగ్గా చేశారని, వివరించినవాళ్ళు 25 శాతం మెరుగని లెక్క తేల్చారు.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే తప్పవుతుంది. ఆ పేపరు రాసిన నలుగురిలో ఒకరి మీద, వేరే పేపర్ల విషయంలో డేటా మార్చారన్న ఆరోపణలొచ్చాయి. ఆవిడ ఒప్పుకోలేదు గానీ 2025లో హార్వర్డ్ ఆవిడ టెన్యూర్ తీసేసింది. కాబట్టి ఆ 23 మీద నేను ఒట్టు పెట్టను. అంకె ఎంతైనా, రాస్తే తప్పు దొరుకుతుందన్నది మనందరికీ అనుభవమే. సీనియరుకి పంపడానికి మెయిల్లో బగ్గు గురించి వివరంగా టైపు చేస్తూ చేస్తూ, పంపకముందే కారణం తెలిసిపోయి డిలీట్ కొట్టని ప్రోగ్రామరు ఉన్నాడా? బల్ల మీద రబ్బరు బాతుని పెట్టుకుని దానికి కోడు వివరించమని 1999లో వచ్చిన 'ప్రాగ్మాటిక్ ప్రోగ్రామర్' పుస్తకం చెప్పింది కూడా అందుకే.

సరే, ఇదంతా చదివిన ఉత్సాహంతో మూడేళ్ళ క్రితం నేనూ ఒక ప్రయత్నం చేశాను. ఫలానా కాలేజీ అని చెప్పను గానీ, ఒక కాలేజీలో ఫైనలియర్ పిల్లలు 22 మందికి ప్రాజెక్టు గైడుగా ఉండమన్నారు. నేను ఉండేది హైదరాబాదు, వాళ్ళుండేది ఇంకో జిల్లా. అందుకని అంతా ఆన్‌లైనే. శనివారం రాత్రి ఒక గంట వీడియో కాల్, వారంలో ఒకసారి అందరూ చూడగలిగే ఒక షేర్డ్ డాక్యుమెంటులో ఒక పేజీ రాయాలి. ప్రశ్నలు మూడే. నువ్వేం అనుకున్నావు? ఏం జరిగింది? తేడా ఎక్కడొచ్చింది?

మొదటి మూడు వారాలు మా మేనల్లుడి గడి లాగే నడిచింది. "ఈ వారం ఏపీఐల గురించి చాలా నేర్చుకున్నాను సార్. టీమ్ వర్క్ ప్రాముఖ్యత తెలిసింది సార్." 22 పేజీలు, 22 టీమ్ వర్కులు.

నాలుగో వారం నేనే ముందు రాశాను. అమెరికాలో నవంబర్లో ఒక ఆదివారం తెల్లవారుజామున గడియారం గంట వెనక్కి జరుపుతారు కదా. రెండు కాగానే మళ్ళీ ఒంటిగంట. ఒంటిగంటన్నరకి నడవాల్సిన నా జాబు ఆ రోజు రెండుసార్లు నడిచి, కస్టమర్లకి బిల్లులు రెండేసి వెళ్ళాయి. నాలుగు గంటలపాటు నేను పక్క టీమునే తిట్టుకుంటూ కూర్చున్నాను, తప్పు నా షెడ్యూలులో ఉందని అనుమానం కూడా రాలేదు. "రోజుకి ఒంటిగంటన్నర ఒక్కసారే వస్తుందని అనుకున్నాను" అని రాశాను. ఆ వాక్యం రాయడానికి ఎంత నామోషీగా అనిపించిందో! పదిహేనేళ్ళ అనుభవం ఉన్నవాణ్ణి కదా మరి.

ఆ వారం పేజీలు మారాయి. ఒకబ్బాయి రాసిన పేజీ నాకిప్పటికీ గుర్తే. "సార్, నాకు రికర్షన్ రెండేళ్ళుగా అర్థం కాలేదు. పరీక్షలో ప్రోగ్రాం బట్టీ పట్టి రాసి పాసయ్యాను. ఫంక్షన్ తనని తనే పిలిచినప్పుడు లోపలి వేరియబుల్ కూడా అదే అనుకునేవాణ్ణి. అందుకే చేత్తో వేసి చూస్తే ఎప్పుడూ జవాబు కలిసేది కాదు. నాకు లెక్కలు రావేమో అనుకున్నాను."

చూడండి, రెండేళ్ళు! ఒక్క చిన్న అపోహ. దానికి ఆ పిల్లవాడు చెప్పుకున్న కారణం "నాకు లెక్కలు రావు".

నేను జవాబు రాసేలోపే క్లాసులో ఒకమ్మాయి రాసింది. "నేనూ నిరుడు అలాగే అనుకున్నాను. మన మెస్సులో ప్లేట్ల దొంతర గుర్తు తెచ్చుకో. పిలిచినప్పుడల్లా పైన కొత్త ప్లేటు పడుతుంది. ఆ ప్లేటులో పెట్టింది ఆ ప్లేటుదే, కింద ప్లేటులోది అలాగే ఉంటుంది. పని అయ్యాక పై ప్లేటు తీసేస్తే కిందది కనపడుతుంది." నేను స్టాక్ ఫ్రేమూ, మెమరీ అడ్రసులూ అంటూ మొదలుపెట్టబోయాను, ఆగిపోయాను. మజూర్ గారు చెప్పింది కళ్ళముందు జరిగింది.

ఇక్కడితో ఆపితే మంచి కథయ్యేది. కానీ ఆగలేదు.

మూడో రోజుకి ఆ పేజీ స్క్రీన్‌షాటు క్లాసు గ్రూపులోకి వెళ్ళింది. దానికి ఎవరో "రికర్షన్ రాజా" అని స్టిక్కరు చేశారు. క్లాసులో ఎవరేం అడిగినా ఆ స్టిక్కరు పడేదట. నాకు రెండు వారాల తర్వాత, అదీ ఆ అమ్మాయి చెబితే తెలిసింది. అబ్బాయికి ఫోన్ చేశాను. "పర్లేదు సార్, సరదాగా చేశారు" అన్నాడు. ఆ తర్వాత ప్రతివారం పేజీ పంపాడు, తప్పకుండా. అందులో "చాలా నేర్చుకున్నాను సార్" తప్ప ఇంకేం లేదు. ప్రాజెక్టు అయ్యేదాకా మళ్ళీ ఒక్క నిజమైన వాక్యం రాయలేదు. మిగతావాళ్ళు కూడా చాలామంది జాగ్రత్తపడిపోయారు.

స్టిక్కరు చేసినవాణ్ణి తిట్టడం తేలిక. కానీ తప్పు నాది. బలహీనత చెప్పుకోమని అడిగినవాణ్ణి, అది ఎవరి కంట పడుతుందో ఆలోచించలేదు. ఆఫీసులో ప్రతి టేబులుకీ ఎవరికి ఏ పర్మిషనుండాలో గంటలు గంటలు మీటింగులు పెట్టే నేను, ఒక పిల్లవాడి మనసులో మాటకి 22 మందికి రీడ్ యాక్సెస్ ఇచ్చాను.

ఈ విషయంలో విమానాల వాళ్ళు మనకంటే ముందున్నారు. 1974 డిసెంబర్ 1న వాషింగ్టన్ డల్లస్ విమానాశ్రయం దగ్గర టీడబ్ల్యూఏ 514 విమానం కొండని గుద్దుకుని 92 మంది చనిపోయారు. అప్రోచ్‌కి అనుమతి వచ్చింది కాబట్టి కిందకి దిగిపోవచ్చని పైలట్లు అనుకున్నారు. దానికి ఆరు వారాల ముందే అక్కడే ఇంకో కంపెనీ విమానం అదే పొరపాటు చేసి కొద్దిలో బయటపడింది. ఆ కంపెనీ తమ పైలట్లకి చెప్పుకుంది, మిగతావాళ్ళకి ఆ సంగతి చేరే దారి లేకపోయింది. ఆ తర్వాత 1976లో పెట్టిన పద్ధతిలో పైలట్లు తమ పొరపాట్లని తామే రాసి పంపుతారు. అయితే అవి వెళ్ళేది శిక్షించే అధికారమున్న విమానయాన శాఖకి కాదు, నాసాకి. నాసా వాళ్ళు పేరూ ఊరూ తీసేసి, తప్పు మాత్రమే అందరికీ చెబుతారు. చదివేవాడి చేతిలో కర్ర ఉండకూడదు, రాసినవాడి పేరు బయటికి రాకూడదు. ఈ రెండు జాగ్రత్తలూ నేను తీసుకోలేదు.

చదువుల్లో కూడా ఇది తెలిసినవాళ్ళున్నారు. పూజా శంకర్ ఐఐటీ కాన్పూర్లో కంప్యూటర్ సైన్స్ చదివినప్పుడు క్లాసులో అమ్మాయిలు బహు కొద్దిమంది. అబ్బాయిలంతా కలిసి అసైన్‌మెంట్లు చేసుకుంటుంటే, వాళ్ళని అడగలేక తను పక్కన ఒక్కతే కూర్చునేదాన్నని చెప్పారావిడ. 2009లో స్టాన్‌ఫర్డ్‌లో ఎంబీఏ చేస్తూ పియాజా మొదలుపెట్టారు. అందులో తోటివాళ్ళకి పేరు కనపడకుండా ప్రశ్న అడగొచ్చు. చిన్న సదుపాయమే, కానీ అది ఎవరికి కావాలో ఆవిడకి తెలుసు.

తర్వాతి ఏడాది బ్యాచికి పద్ధతి మార్చాను. అందరికీ కనపడే డాక్యుమెంటు తీసేశాను. ఇద్దరిద్దరిని జంట కలిపాను, ఎవరితో ఎవరుండాలో వాళ్ళనే ఎంచుకోమన్నాను. పేజీ ఆ ఒక్కరికే వెళ్తుంది. వాళ్ళిద్దరూ చూపిస్తామంటేనే నేను చూస్తాను. చదివినవాడు జవాబు చెప్పకూడదు, ముందు ఒక ప్రశ్న అడగాలి. పంపావా లేదా అన్నదానికే లెక్క, ఏం రాశావన్నదానికి మార్కుల్లేవు. గొప్ప విజయం ఏమీ కాదు. సగం జంటలు రెండో నెలకే తుస్సుమన్నాయి. కొందరు ఖాళీ పేజీలు పంపుకున్నారట :). కానీ నిలబడ్డ జంటల్లో పిల్లలు వైవాలో మాట్లాడే తీరు వేరేగా ఉంది. "తెలీదు సార్" దగ్గర ఆగకుండా "ఇక్కడిదాకా తెలుసు, ఇక్కణ్ణుంచి తెలీదు" అనగలిగారు. ఇంటర్వ్యూలు తీసుకునేవాళ్ళకి ఆ రెండో వాక్యం విలువ నేను చెప్పక్కర్లేదు.

ఇది చదివి మీరు అడగబోయే ప్రశ్న తెలుసు. "ఇప్పుడు చాట్‌జీపీటీ ఉందిగా, తోటివాడెందుకు?" నిజమే, 2022 చివర్లో అది వచ్చాక సిగ్గుపడకుండా అడగడానికి పిల్లలకి ఒక చోటు దొరికింది. అది మంచిదే, నేను కాదనను. ఆ రికర్షన్ అబ్బాయి ఇవాళైతే దాన్నే అడిగుండేవాడు, స్టిక్కరు గొడవ ఉండేది కాదు. కానీ అది ఆ అమ్మాయిలాగా "నేనూ నిరుడు అలాగే అనుకున్నాను" అని చెప్పలేదు. చెప్పినా నిజం కాదు. ఆ పిల్లవాడికి ప్లేట్ల దొంతర ఎంత అవసరమో, తనొక్కడే అలా లేడని తెలియడం కూడా అంతే అవసరం. ఇక "ఏం నేర్చుకున్నారు" అన్న గడిని కూడా దానిచేతే రాయిస్తే... మన బదులు పక్కింటాయన ఉపవాసముంటే మనకి పుణ్యమొస్తుందా?

"మార్కులు లేకపోతే ఎవడూ రాయడు" అని ఇంకో అభ్యంతరం. లెక్చరర్లు ఎక్కువగా అనేది ఇదే, వాళ్ళ ఇబ్బంది నాకు తెలుసు. నాకూ సగంమంది రాయలేదు. కానీ మార్కులు పెడితే అందరూ రాసేది అబద్ధం. "నాకు రికర్షన్ రాదు" అని రాసినవాడికి ఎన్ని మార్కులేస్తారు? ఎక్కువేస్తే వచ్చినవాళ్ళు కూడా రాదని రాస్తారు, తక్కువేస్తే రానివాళ్ళూ వచ్చని రాస్తారు. సగంమంది రాసిన నిజమే నాకు నయమనిపిస్తుంది.

మనకెందుకీ గోల అంటారా? ఆ గ్రూపుల్లో పెరిగిన పిల్లలే మన టీముల్లోకి వస్తున్నారు. స్టాండప్‌లో "నో బ్లాకర్స్" అంటూ మూడు రోజులు ఒకే ఎర్రర్ ముందు కూర్చుంటారు. నాలుగో రోజు మనం "అడగొచ్చు కదయ్యా" అని విసుక్కుంటాం. అడిగితే ఏమవుతుందో వాళ్ళకి కాలేజీలోనే తెలిసిపోయిందని మనకి తట్టదు. అసలు మనమైనా రివ్యూలో "ఇది నాకు అర్థం కాలేదు" అని ఆఖరిసారి ఎప్పుడన్నాం?

మనలో చాలామంది ఏడాదికోసారి చదివిన కాలేజీకెళ్ళి గెస్ట్ లెక్చర్ ఇచ్చి, శాలువా కప్పించుకుని వస్తుంటాం. ఈసారి దానికి బదులు నలుగురు పిల్లల్ని తీసుకోండి. వాళ్ళని రాయమనేముందు మీ తప్పు ఒకటి, నిజంగా నామోషీ అనిపించేది, మీరు రాసి పంపండి. వాళ్ళు రాసింది ఎవరు చూస్తారో ముందే చెప్పండి, ఆ మాట మీద నిలబడండి. ఇంతకంటే పెద్ద పథకం నాదగ్గర లేదు.

అన్నట్టు, మా మేనల్లుడికి ఇదంతా చెప్పాను. వాడు నవ్వి ఊరుకున్నాడు. వారం తర్వాత ఫోన్ చేశాడు. గ్రూపులో "నాకు నార్మలైజేషన్ అస్సలు అర్థం కాలేదు, ఎవరికైనా అయిందా?" అని పెట్టాట్ట. రెండు గంటలు ఎవరూ పలకలేదు. తర్వాత గ్రూపులో కాదు, విడిగా మూడు మెసేజీలొచ్చాయట. మూడింట్లోనూ ఒకటే మాట: "నాక్కూడా రా."

ఆ నలుగురూ ఇప్పుడు రాత్రిళ్ళు విడిగా కాల్ పెట్టుకుంటున్నారు. ఎన్నాళ్ళు సాగుతుందో చూడాలి. ఏమంటారు?